ఇంటి గుట్టు, డిజిటల్ రూపాయి: ఊరికి చేరకముందే జరగవలసిన పరీక్ష

పరిశోధనా క్షేత్రంలో ఎంత చక్కగా పండినా, ఏ వరి వంగడాన్నీ అక్కడి నుంచి నేరుగా రైతు పొలానికి పంపరు. పలు ప్రాంతాలలో, పలు సీజన్లలో దానిని పండించి చూస్తారు. చిరు సంచులలో కొందరు రైతులకు ఇచ్చి, వారి నేలలో, వారి నీటి వసతిలో, వారి చేతి మీదుగా అది ఎలా నడుస్తుందో గమనిస్తారు. తెగులుకు లొంగుతుందా, గాలికి పడిపోతుందా, మిల్లులో నూక ఎక్కువవుతుందా అనే ప్రశ్నలన్నింటికీ జవాబు దొరికిన తరువాతనే విడుదల జరుగుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా కేంద్రంలో రూపొంది 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029, అనగా మన స్వర్ణ, ఈనాడు ఛత్తీస్‌గఢ్ మైదానంలోని రైతుకు కూడా సొంత వంగడమై నిలిచిందంటే అందుకు కారణం ఈ ఓపికే.

విత్తనం విషయంలో పాటించే ఈ నియమాన్ని డబ్బు విషయంలో ఎందుకు పాటించరాదు? ముఖ్యంగా ఆ డబ్బు కాగితం రూపం విడిచి సెల్‌ఫోన్‌లోని సంకేతంగా మారుతున్న ఈ రోజులలో, దాని వెంట రైతు ఇంటి గుట్టు ఎంత దూరం ప్రయాణిస్తుందో ముందుగా పరీక్షించి చూడవలసిన అవసరం లేదా? రాయ్‌పూర్ కేంద్రంగా వ్యవసాయ ఋణాల విభాగంలో పని చేస్తున్న క్షేత్రాధికారిగా ఈ విషయంలో నా అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డిజిటల్ రూపాయి అనగానేమి?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీలు వేరు, రిజర్వు బ్యాంకు జారీ చేసే డిజిటల్ రూపాయి వేరు. క్రిప్టో కరెన్సీలకు మన దేశంలో చట్టబద్ధమైన ద్రవ్యంగా గుర్తింపు లేదు. వాటిపై వచ్చే లాభంపై 30 శాతం పన్ను, 2022 జూలై 1 నుండి బదిలీపై 1 శాతం మూలంలో కోత విధించబడినవి. డిజిటల్ రూపాయి అలా కాదు. 2022 ఆర్థిక చట్టం ద్వారా రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, బ్యాంకు నోటు అనే మాటకు డిజిటల్ రూపాన్ని కూడా చేర్చారు. కనుక ఇది రిజర్వు బ్యాంకు నోటే, కాగితం మాత్రం లేదు.

2022 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఈ అంశంపై భావనా పత్రాన్ని ప్రచురించింది. అదే సంవత్సరం డిసెంబరు 1న ముంబయి, న్యూఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్ నగరాలలో సామాన్య వినియోగానికి ప్రయోగం ప్రారంభమైంది. తదుపరి విడతకు ఎంపికైన నగరాలలో హైదరాబాదు కూడా ఉంది. 2025 మార్చి నెలాఖరుకు చలామణిలో ఉన్న డిజిటల్ రూపాయి విలువ రమారమి 1,016 కోట్ల రూపాయలు. అంతకు ముందు సంవత్సరం అదే సమయానికి అది 234 కోట్లు మాత్రమే. ఎదుగుదల వేగంగానే ఉన్నదని ఈ అంకెలు చెబుతున్నవి.

మన పాఠకులకు మరింత దగ్గరి విషయం ఒకటున్నది. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెండు కొత్త సదుపాయాలను ప్రయోగించి చూస్తామని ప్రకటించింది. మొదటిది, డబ్బును ఫలానా అవసరానికి మాత్రమే ఖర్చయ్యేలా నియమించగలగడం. రెండవది, నెట్‌వర్కు లేని చోట కూడా చెల్లింపు జరగడం. అదే సంవత్సరం ఆగస్టులో బెంగళూరు సదస్సులో నాటి గవర్నరు శ్రీ శక్తికాంత దాస్ ప్రసంగిస్తూ, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోని ఎంపిక చేసిన గ్రామాలలో కౌలు రైతులకు వ్యవసాయ ఉత్పాదకాల కొనుగోలు నిమిత్తం ఇటువంటి నియమిత డిజిటల్ రూపాయి ద్వారా భారతీయ స్టేట్ బ్యాంకు ప్రయోగాత్మకంగా ఋణమిస్తున్నదని తెలియజేశారు. అనగా, ఈ కొత్త నాణెం పట్టణాల కాఫీ దుకాణాల వద్దనే ఆగిపోలేదు. మన కౌలుదారుని గడప వరకు వచ్చి నిలిచింది.

గుట్టు కోరేవాడు దొంగ కాడు

గోప్యత అనగానే నల్లధనం గుర్తుకు రావడం మనలో పలువురికి అలవాటు. ఈ దృష్టి సరికాదు. ఇంటి గుట్టు లంకకు చేటని మన పెద్దలు చెప్పింది దొంగలను ఉద్దేశించి కాదు, సంసారులను ఉద్దేశించి. గ్రామంలో ఒక కుటుంబం ఎంత అప్పు తెచ్చింది, ఏ దుకాణంలో ఎంత ఖర్చు పెట్టింది, ఏ మందు కొన్నది అనే సమాచారం బయటకు పొక్కితే దాని ఫలితం ఆ కుటుంబం బేరమాడే శక్తిపై వెంటనే కనబడుతుంది.

కౌలు రైతునే ఉదాహరణగా తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పంటను సగపాలుగా పంచుకునే అధియా, నిర్ణీత మొత్తానికి భూమిని తీసుకునే రేగహా అనే పద్ధతులు చిరకాలంగా ఉన్నవి. ఇవి చాలావరకు నోటి మాటపై నడిచే ఒప్పందాలు. కౌలు కాగితానికెక్కితే తన భూమిపై హక్కు చేజారుతుందేమోనని భూయజమాని భయం. ఆ భయం వలన తాను భూమిని కోల్పోతానేమోనని కౌలుదారుని భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని హక్కుకు భంగం లేకుండా పదకొండు నెలల కాలానికి సాగుదారు హక్కు పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. అయినప్పటికీ యజమాని అంగీకారం అవసరమైనందున చాలామంది కౌలుదారులకు ఆ పత్రం అందని పండుగానే మిగిలిపోయింది. ఇటువంటి స్థితిలో కౌలుదారుని పేరున వచ్చిన నియమిత డబ్బు, ఫలానా సర్వే నంబరు భూమికి ఫలానా రోజున ఎరువు కొనుగోలైనదని ఒక చోట నమోదు చేసి, ఆ నమోదు యజమాని కంటబడే మార్గం ఏదైనా ఉంటే, వచ్చే సంవత్సరం ఆ కౌలు నిలుస్తుందా? ఇది ఊహాత్మకమైన ప్రశ్న కాదు. కౌలుదారునికి ఇది జీవనాధారానికి సంబంధించిన ప్రశ్న.

మహిళా సంఘాల సభ్యుల విషయం మరొకటి. ఇంటిలో ఒకే ఫోను ఉండి, అది భర్త చేతిలోనో కుమారుని చేతిలోనో ఉన్నప్పుడు, ఆమె పొదుపు చేసిన పైకం వివరమంతా ఆ తెరపై కనబడుతుంది. పోపుల డబ్బాలో దాచిన రొక్కానికి ఉన్న రక్షణ ఆ పైకానికి లేదు.

2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిన సంగతి విదితమే. బ్యాంకు ఉద్యోగులకు ఇది కొత్త సంగతి కూడా కాదు. 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టం ఖాతాదారుల వ్యవహారాలను గోప్యంగా ఉంచే బాధ్యతను బ్యాంకులపై స్పష్టంగా ఉంచింది. మనిషి పాటించవలసిన ఆ ప్రమాణాన్ని యంత్రం కూడా పాటించాలని కోరడంలో అనౌచిత్యం లేదు.

క్రిప్టో ప్రపంచం నేర్పే పాఠం

క్రిప్టో కరెన్సీలలో పెట్టుబడి పెట్టవలసిందిగా ఋణగ్రహీతలకు నేనెన్నడూ సలహా ఇవ్వను. పంట ఋణం సొమ్ము అటు మళ్ళించడం ఆత్మహత్యా సదృశం. అయితే గోప్యతా సదుపాయాలను ఎలా పరీక్షించాలో, పరీక్షలో లోపం మిగిలితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆ రంగపు అనుభవం ఉపయోగిస్తుంది. శత్రువు వద్దనైనా విద్య నేర్చుకోవచ్చును గదా!

2009 జనవరిలో ప్రారంభమైన బిట్‌కాయిన్ రహస్యమైనదని చాలామంది భావిస్తారు. వాస్తవం అందుకు భిన్నం. దాని పద్దు పుస్తకం ఊరి చావడిలో తెరచి ఉంచిన పుస్తకం వంటిది. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు మాత్రం ఉంటాయి. ఒక సంఖ్య ఎవరిదో ఒక్కసారి తెలిసిపోతే, ఆ వ్యక్తి వెనుకటి లావాదేవీలన్నీ తెలిసిపోతాయి. ఈ లోపాన్ని సవరించే ఉద్దేశంతో 2016 అక్టోబరులో జీక్యాష్ అనే నాణెం వచ్చింది. పంపినవారు, పుచ్చుకున్నవారు, మొత్తం అనే మూడింటినీ దాచి ఉంచుతూనే లెక్క సరిపోయినదని గణితం ద్వారా రుజువు చేయడం దాని ప్రత్యేకత.

ఇటువంటి నాణేలను నిర్వహించేవారు మంచి పద్ధతి ఒకటి పాటిస్తారు. అసలు వ్యవస్థకు పక్కనే పరీక్షా వ్యవస్థ ఒకదానిని నడుపుతారు. అందులోని నాణేలకు విలువ ఉండదు, పోయినా నష్టం లేదు. కొత్త సదుపాయాన్ని ముందుగా అక్కడ ప్రవేశపెట్టి, ఎవరైనా వచ్చి దానిని పగలగొట్టి చూడవచ్చునని ఆహ్వానిస్తారు. మన భాషలో చెప్పాలంటే అది మినీకిట్ పొలం.

ఇంత జాగ్రత్త పాటించినప్పటికీ, 2018 మార్చిలో జీక్యాష్ సంస్థకు చెందిన గూఢలేఖన శాస్త్రవేత్త ఏరియల్ గబిజాన్ ఒక తీవ్రమైన లోపాన్ని కనుగొన్నారు. ఆ లోపాన్ని ఎరిగినవాడు ఎన్ని దొంగ నాణేలనైనా సృష్టించుకోగలడు. మొత్తాలన్నీ దాచబడి ఉన్నందువలన ఆ దొంగతనం పద్దులో నేరుగా కనబడదు కూడా. అదే సంవత్సరం అక్టోబరు 28న శాప్లింగ్ అనే నవీకరణ ద్వారా ఆ లోపాన్ని పూడ్చి, 2019 ఫిబ్రవరిలో లోకానికి వెల్లడించారు. దానిని ఎవరూ దుర్వినియోగం చేసిన ఆధారాలు దొరకలేదని సంస్థ ప్రకటించింది.

ఈ ఉదంతం నుండి మూడు పాఠాలు గ్రహించవలసి ఉన్నది. మొదటిది, గోప్యత కల్పించే తెరయే లోపాన్ని కూడా కప్పివేయగలదు. కనుక అటువంటి సదుపాయానికి మామూలు సదుపాయం కంటె దీర్ఘమైన పరీక్ష అవసరం. రెండవది, వాడి చూసే పరీక్ష ఒక్కటే చాలదు. పై లోపం పరీక్షా వ్యవస్థలో ఎన్ని నాణేలు తిప్పినా బయటపడలేదు. నిపుణుడొకరు మూలమైన గణితాన్ని తిరిగి చదివినప్పుడే బయటపడింది. మూడవది, లోపల ఏమున్నదో చూడకుండానే మొత్తం లెక్క తేల్చే మార్గం ఉండాలి. శాప్లింగ్‌లో అటువంటి ద్వారం ఏర్పాటు చేశారు. ధాన్యం గిడ్డంగిలోనికి ఎన్ని బస్తాలు వెళ్ళినవో, ఎన్ని బయటకు వచ్చినవో గేటు వద్ద లెక్కిస్తే చాలు, ఏ బస్తా ఎవరిదో విప్పి చూడనవసరం లేదు. వెళ్ళిన వాటి కంటె వచ్చినవి ఎక్కువైతే మోసం జరిగినట్లే. గోప్యతకు, లెక్కకు పొత్తు కుదరదనేవారికి ఇది చక్కని సమాధానం.

కేంద్ర బ్యాంకులు కూడా ఈ దిశలో ప్రయోగాలు చేసినవి. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకుతో కలసి టూర్బియాన్ అనే నమూనాను నిర్మించి 2023లో ఫలితాలు ప్రచురించింది. అందులో కొనుగోలుదారు ఎవరో ఎవరికీ తెలియదు, అమ్మకందారు మాత్రం తన బ్యాంకుకు తెలుస్తాడు. అమ్మకం దాగదు కనుక పన్ను ఎగవేతకు అవకాశం తగ్గుతుంది, కొనుగోలుదారుని గుట్టు నిలుస్తుంది. ఇటువంటి మధ్యేమార్గం సాధ్యమని తేలడం ఎన్నదగిన విషయం.

మన అనుభవాలు మరువరాదు

విదేశాల సంగతి అటుంచి, మన డీలర్ల దుకాణాలలో జరిగిన ప్రయోగమే ఒకటున్నది. ఎరువుల రాయితీని కంపెనీలకు అమ్మకం జరిగిన తరువాతనే చెల్లించే విధానాన్ని దేశమంతటా ఒక్కసారిగా రుద్దలేదు. 2016 నుండి ఎంపిక చేసిన జిల్లాలలో ప్రయోగించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలు ఉన్నవి. యంత్రంపై వేలిముద్ర పడకపోవడం, నెట్‌వర్కు అందకపోవడం, సీజను రద్దీలో వరుసలు పెరగడం వంటి ఇబ్బందులు ఆ దశలోనే బయటపడినవి. 2018 మార్చి నాటికి అది దేశమంతటికీ విస్తరించింది.

నెట్‌వర్కు లేని చెల్లింపుల విషయంలో రిజర్వు బ్యాంకు మరింత నిదానంగా అడుగువేసింది. 2020 ఆగస్టులో ప్రయోగాలకు అనుమతించి, వాటి ఫలితాలు చూసి, 2022 జనవరిలో చెల్లింపు ఒక్కింటికి 200 రూపాయలు, మొత్తం 2,000 రూపాయల పరిమితితో నిబంధనలు జారీ చేసింది. 2023 ఆగస్టులో చెల్లింపు పరిమితిని 500 రూపాయలకు పెంచింది. చిన్న మొత్తంతో మొదలుపెట్టి నమ్మకం కుదిరిన కొద్దీ పెంచుకుంటూ పోవడం ప్రశంసనీయమైన విధానం.

అయితే ఈ ప్రయోగాలన్నీ ప్రధానంగా ఒకే ప్రశ్న వేసినవి: చెల్లింపు జరిగినదా, లేదా? డిజిటల్ రూపాయి విషయంలో రెండవ ప్రశ్న కూడా వేయాలి: చెల్లింపు జరిగిన తరువాత ఎవరికి ఏమి తెలిసింది? రిజర్వు బ్యాంకు తన భావనా పత్రంలోనే చిన్న మొత్తాలకు గోప్యత, పెద్ద మొత్తాలకు జాడ అనే సూత్రాన్ని పేర్కొన్నది. లావాదేవీల వివరాలను శాశ్వతంగా తొలగించడం వంటి సాంకేతిక మార్గాల ద్వారానో, చట్టం ద్వారానో గోప్యతను సాధించవచ్చునని శ్రీ శక్తికాంత దాస్ 2024 మే నెలలో అంతర్జాతీయ వేదికపై సూచించారు. సూత్రం ఉత్తమమైనది. అది పల్లెలో నిలుస్తుందా లేదా అన్నదే పరీక్షించవలసిన విషయం.

ఏమేమి పరీక్షించాలి?

క్షేత్రస్థాయి అనుభవాన్ని బట్టి ఈ క్రింది పరీక్షలు అత్యవసరమని నా అభిప్రాయం.

1. ఎవరికి ఏమి కనబడుతుంది? ఒక రైతు ఋణం సొమ్ముతో రెండు బస్తాల డి.ఏ.పి. కొన్నాడనుకుందాం. ఆ ఒక్క కొనుగోలు తరువాత రైతు తెరపై, డీలరు తెరపై, బ్యాంకు శాఖలో, ప్రభుత్వ శాఖలో కనబడేది ఏమిటో వరుసగా పట్టిక వేసి చూడాలి. అవసరం లేని చోట అవసరం లేని వివరం కనబడితే అది లోపంగానే పరిగణించాలి.

2. డీలరు యంత్రం ఏమి చెబుతుంది? ఇది అత్యంత సున్నితమైన అంశం. నియమిత డబ్బు తనను తాను పంట ఋణమని డీలరుకు పరిచయం చేసుకుంటే, కొనుగోలుదారు అప్పు సొమ్ముతో వచ్చాడని, ఆ సొమ్ము మరెక్కడా చెల్లదని, గడువు దాటితే పనికిరాదని దుకాణదారునికి తెలిసిపోతుంది. అప్పుడిక ధర విషయంలో రైతు బేరమాడగలడా? పాత బాకీ కింద జమ వేసుకుంటానంటే కాదనగలడా? డీలరు తెరపై మొత్తం ముట్టినది అనే మాట తప్ప మరేమీ కనబడరాదు.

3. ఉమ్మడి ఫోను. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలతోనే ఈ పరీక్ష జరపాలి. ఒకరి వాలెట్టు వివరాలు మరొకరికి కనబడకుండా ఉంచే ఏర్పాటు, చదవడం రానివారు కూడా వాడగలిగిన రీతిలో ఉన్నదా అని చూడాలి.

4. నెట్‌వర్కు లేని చోట. సిగ్నలు లేనప్పుడు చెల్లించిన మొత్తాల వివరాలు సిగ్నలు వచ్చిన వెంటనే ఎక్కడకు చేరుతున్నవి? ఫోను పొలంలో పోయినా, కాలువలో పడినా ఆ సొమ్ము గతి ఏమిటి? గుట్టు పెరిగిన కొద్దీ పోయిన సొమ్మును తిరిగి తెచ్చుకోవడం కష్టమవుతుంది. ఈ సంగతి రైతుకు ముందే స్పష్టంగా చెప్పాలి.

5. జత కలిపితే ఏమి బయటపడుతుంది? పేరు తీసివేసినంత మాత్రాన గుట్టు నిలిచినట్లు కాదు. చిన్న ఊరిలో ఎరువుల దుకాణం ఒక్కటే ఉంటుంది. ఎరువుల యంత్రంలో ఆధారు ద్వారా నమోదైన బస్తాల లెక్క, డిజిటల్ రూపాయి చెల్లింపు సమయం, భూమి రికార్డు, రైతు గుర్తింపు సంఖ్య ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే పేరు లేని లావాదేవీకి పేరు తగిలించడం కష్టం కాదు. అలా తగిలించగలరేమో చూడటానికే కొందరు నిపుణులను నియమించాలి. వారు విఫలమైతేనే సదుపాయం ఉత్తీర్ణమైనట్లు.

6. తొలగించినది నిజంగా తొలగినదా? వివరాలు తుడిచివేశామని సంస్థ చెప్పినంత మాత్రాన సరిపోదు. నకళ్ళు, నిల్వ ప్రతులు, మధ్యవర్తి కంపెనీల కంప్యూటర్లు అన్నింటినీ స్వతంత్ర తనిఖీదారు పరిశీలించాలి.

ఈ పరీక్షలు నగరంలోని కార్యాలయపు గదిలో, చురుకైన ఉద్యోగుల ఫోన్లపై జరిగితే ప్రయోజనం స్వల్పం. ఆరంగ్, అభన్‌పూర్, తిల్దా వంటి చోట్ల, గోదావరి డెల్టాలో, రాయలసీమ మెట్టలో, విత్తనం వేసే నాటి నుండి ధాన్యం అమ్మకం వరకు కనీసం ఒక పూర్తి ఖరీఫ్ కాలం జరగాలి. మొదటి విడతలో విలువ లేని పరీక్షా పైకం వాడాలి. రెండవ విడతలో చిన్న మొత్తాలు, నష్టం వస్తే బ్యాంకే భరిస్తుందన్న వ్రాతపూర్వక హామీతో వాడాలి. ఫలితాలను, బయటపడిన లోపాలతో సహా, ఆయా ప్రాంతాల భాషలలో ప్రకటించాలి. 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి కోసం పరీక్షా వేదికను సాంకేతిక సంస్థలకు తెరచింది. ఆ వేదికపై గోప్యత పరీక్షను కూడా తప్పనిసరి అంశంగా చేర్చడం సముచితం.

అభ్యంతరాలు, సమాధానాలు

ఋణం సద్వినియోగమైనదో లేదో చూడటం బ్యాంకు బాధ్యత కాదా అని ప్రశ్నించవచ్చు. నిస్సందేహంగా బాధ్యతే. పర్యవేక్షణ నా వృత్తిలో భాగం. పంట ఋణం పెళ్ళి పందిరికో, పాత వడ్డీకో మళ్ళితే రైతుకూ నష్టమే, బ్యాంకుకూ నష్టమే. అందుచేత నియమిత డబ్బు అనే ఆలోచనను నేను వ్యతిరేకించడం లేదు. కౌలుదారునికి హామీ చూపే భూమి లేనప్పుడు, సొమ్ము విత్తనానికీ ఎరువుకే వెళుతుందన్న భరోసా అతనికి ఋణద్వారం తెరవగలదు. ఆ మేలు చిన్నది కాదు. అయితే, సొమ్ము ఎరువుకే ఖర్చయినదని తెలియడం వేరు, ఏ దుకాణంలో, ఏ గంటకు, ఏ రకం కొన్నాడో తెలియడం వేరు. మొదటిది పర్యవేక్షణ, రెండవది కాపలా. బ్యాంకుకు మొదటిది చాలు. పైన చెప్పిన గిడ్డంగి గేటు లెక్క వంటి మార్గాలు ఉన్నప్పుడు రెండవదాని అవసరం లేదు.

గోప్యత పెరిగితే అక్రమ ధనానికి ఆశ్రయమిచ్చినట్లు కాదా అన్నది మరొక అభ్యంతరం. పెద్ద మొత్తాల విషయంలో ఈ వాదన సబబే. కాని ఎరువు బస్తా కొనే చిన్న రైతుపై పెట్టే నిఘాతో పెద్ద దొంగలు పట్టుబడరు. చిన్న మొత్తాల హద్దును వ్యవసాయ అవసరాలకు తగినట్లుగా నిర్ణయించాలి. పట్టణంలో కూరగాయల కొనుగోలుకు సరిపోయే హద్దు పల్లెలో ఒక ఎకరం పెట్టుబడికి సరిపోదు. ఆ హద్దు ఎంత ఉండాలో కూడా ఈ పరీక్షలలోనే తేలాలి.

ఇంత పరీక్షించేలోగా కాలయాపన జరగదా? జరుగుతుంది. ఒక సీజను ఆలస్యమగును. కాని రొక్కం, కిసాన్ క్రెడిట్ కార్డు, యు.పి.ఐ. అన్నీ పనిచేస్తూనే ఉన్నప్పుడు ఒక సీజను ఆగినందువలన ఏ రైతు సేద్యమూ నిలిచిపోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. వాటిలోని ముఖ్య బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తరువాత అమలులోకి వస్తాయి. ఆ గడువునే పరీక్షాకాలంగా వినియోగించుకుంటే చట్టమూ సాంకేతికతా కలిసి అడుగు వేసినట్లవుతుంది. ఒకసారి బయటపడిన గుట్టును మాత్రం ఏ చట్టమూ తిరిగి మూట కట్టలేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల!

డీలరు మిత్రులకు, ఋణగ్రహీతలకు

డీలరు మిత్రులు దీనిని తమకు వ్యతిరేకమైన వాదనగా భావించరాదు. గోప్యత వారికీ అవసరమే. ఏ దుకాణంలో రోజుకు ఎంత అమ్మకం, ఎవరెవరికి అమ్మకం అనే వివరాలు పోటీదారుకో, ఎరువుల కంపెనీ ప్రతినిధికో చేరితే వ్యాపారం దెబ్బతింటుంది. పైగా నమ్మకంపై అరువులు ఇచ్చి, పంట వచ్చాక వసూలు చేసుకునే డీలరుకు తన ఖాతాదారు గుట్టు నిలవడంలోనే లాభమున్నది. ఈ ప్రయోగాలలో పాల్గొనే అవకాశం వచ్చినప్పుడు తమ యంత్రంలో ఏమి కనబడుతున్నదో నిర్మొహమాటంగా బ్యాంకుకు తెలియజేయవలెను.

ఋణగ్రహీతలైన రైతు సోదరులు, సోదరీమణులు వాలెట్టు తెరవడానికి సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగవలెను. నా కొనుగోలు వివరాలు ఎవరెవరు చూడగలరు? ఎంతకాలం దాచి ఉంచుతారు? ఫోను పోతే సొమ్ము ఎట్లా? ఇది వద్దనుకుంటే పాత పద్ధతిలోనే ఋణం దొరుకుతుందా? ఈ నాలుగింటికీ మీ భాషలో, మీకు అర్థమయ్యే రీతిలో సమాధానమివ్వడం శాఖలోని అధికారి విధి. సమాధానం సంతృప్తికరంగా లేకపోతే ఆగే హక్కు మీకున్నది. నాలుగవ ప్రశ్నకు అవును అనే జవాబు రానంతవరకు ఏ ప్రయోగాన్నీ స్వచ్ఛంద ప్రయోగమని పిలవజాలము.

డిజిటల్ రూపాయి వలన పల్లెకు మేలు జరగగలదని నేను విశ్వసిస్తున్నాను. భూమి లేని సాగుదారునికి ఋణం, సిగ్నలు లేని ఊరికి చెల్లింపు, దళారీ లేని రాయితీ ఇవన్నీ ఆశించదగిన ఫలాలే. కాని మంచి వంగడం కూడా పరీక్ష లేకుండా పంచితే ఒక్క సీజనులో చెడ్డపేరు తెచ్చుకుంటుంది, ఆపైన ఎంత మెరుగుపరచినా రైతు దానిని నమ్మడు. డబ్బుకు ఉన్న విలువలో సగం దానిపై ఉన్న నమ్మకమే. ఆ నమ్మకాన్ని ముందుగా మడిలో పరీక్షించి, ఆ తరువాతనే ఊరికి పంచడం బ్యాంకులకూ, రైతులకూ, డీలర్లకూ క్షేమదాయకం.